జట్టులో నీ స్థానము
(రేడియో ప్రసంగ పాఠము)

నల్లగొండ, పాలమూరు ప్రాంతములలో ఇంటి అరుగు మీద కూర్చుని వింటున్నవారికి, పొలం పనికి బయలుదేరుతూ వింటున్నవారికి, ఆసుపత్రి మంచం మీద నుండి వింటున్నవారికి ప్రభువు సమాధానము కలుగును గాక. ఈ ఉదయం మనం ధ్యానించబోయే అంశం "జట్టులో నీ స్థానము". బైబిలు దగ్గరున్నవారు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయము, మార్కు సువార్త 10వ అధ్యాయము తెరచి ఉంచుకోండి.

అపొస్తలుడైన పౌలుగారికి ఆటల సంగతి బాగా తెలుసు. కొరింథు పట్టణానికి దగ్గరలోనే ఆ రోజుల్లో గొప్ప ఆటల పోటీలు జరిగేవి. అందుకే కొరింథు సంఘానికి వ్రాసేటప్పుడు పరుగు పందెము గురించి, పోట్లాడువాని గురించి మాట్లాడాడు. అయితే ఒక సంగతి గమనించండి. ఒక్కొక్క విశ్వాసి తన్ను తాను అదుపులో పెట్టుకోవాలని చెప్పేటప్పుడు పౌలు పరుగెత్తేవాణ్ణి చూపించాడు. అది 9వ అధ్యాయము. సంఘమంతా కలిసి ఎలా బ్రతకాలో చెప్పేటప్పుడు మాత్రం ఆ పోలిక వదిలేశాడు. పరుగు పందెంలో ఎవరి పరుగు వారిదే గదా. అందుకని 12వ అధ్యాయములో శరీరాన్ని చూపించాడు. కన్ను, చెయ్యి, పాదము, చెవి ఎవరి చోట వారు ఉంటేనే అది శరీరం అని నేర్పించాడు. ఈ రెండు పోలికలూ ఒకేచోట కలిసేది జట్టుగా ఆడే ఆటలో. అక్కడ నీ పరుగు నీదే, కానీ గెలుపు మాత్రం నీ ఒక్కడిది కాదు.

అందుచేత ఈ రోజు మీకు రెండు ఆటల సంగతి చెబుతాను. ఒకటి చలి దేశపు ఆట. రెండవది మన హైదరాబాదు మట్టిలో పెరిగిన ఆట.

మంచు మీద ఆట

కెనడా దేశం పేరు మన పాలమూరు పాతతరం సంఘాలకు కొత్త కాదు. జడ్చర్ల ఆసుపత్రి ఎరిగినవారికి, దేవరకొండ, మహబూబ్‌నగర్ సంఘాల చరిత్ర ఎరిగినవారికి మెన్నొనైట్ బ్రదరన్ మిషనరీలు గుర్తుంటారు. వారిలో అమెరికా నుండి వచ్చినవారున్నారు, కెనడా నుండి వచ్చినవారున్నారు. ఆ కెనడాలో పిల్లలకు ప్రాణమైన ఆట ఐస్ హాకీ. మన దగ్గర చెరువు ఎండితే పిల్లలు అందులో క్రికెట్ ఆడతారు. అక్కడ చెరువు గడ్డకడితే పిల్లలు దాని మీద హాకీ ఆడతారు. మన దేశంలో కూడా లడఖ్‌లో ఈ ఆట ఉంది. 2025లో జరిగిన ఆసియా కప్‌లో మన భారత మహిళల జట్టు కాంస్య పతకం తెచ్చింది. ఆ జట్టులో ఎక్కువమంది లడఖ్ ఆడపిల్లలే.

చూడనివారి కోసం ఆ ఆట ఎలా ఉంటుందో కొంచెం చెబుతాను. కాళ్ళకు ఇనుప అంచు ఉన్న బూట్లు. చేతిలో వంపు తిరిగిన కర్ర. బంతి ఉండదు, గట్టి రబ్బరు బిళ్ళ ఉంటుంది. ఒక్కొక్క జట్టు నుండి ఆరుగురు మంచు మీద ఉంటారు, అందులో ఒకడు గోల్ కాచేవాడు. ఇరవై నిమిషాలు చొప్పున మూడు భాగాలు ఆడతారు.

ఇందులో మనం నేర్చుకోదగినవి మూడు సంగతులు ఉన్నాయి.

మొదటిది. ఆ ఆటలో ఎంత గొప్ప ఆటగాడైనా మంచు మీద ఒక్కసారికి నిలిచేది సుమారు ముప్పావు నిమిషమే. ఆ కొద్దిసేపు ఒంట్లో ఉన్న శక్తినంతా పెట్టి ఆడతాడు. వెంటనే గట్టు దాటి వచ్చి బెంచీ మీద కూర్చుంటాడు. అతని చోటులోకి ఇంకొకడు దూకుతాడు. ఆట ఆగదు. కాసేపయ్యాక మళ్ళీ అతని వంతు వస్తుంది. "ఇంకా కొంచెంసేపు నేనే ఉంటాను" అని అక్కడే తిరిగేవాడు జట్టుకు మేలు చేయడు. కాళ్ళు అలసిపోతాయి, ఎదుటివాడు దాటిపోతాడు, గోల్ పడుతుంది. దిగి రావడం కూడా ఆటలో భాగమే.

రెండవది. ఒక ఆటగాడు ఎదుటివాణ్ణి కర్రతో కొట్టినా, కాలికి అడ్డం పెట్టినా సాధారణంగా రెండు నిమిషాల శిక్ష వేస్తారు. అతడు పక్కన ఒక గదిలాంటి చోట కూర్చోవాలి. అతనికి బదులు ఇంకొకణ్ణి పంపడానికి వీల్లేదు. తప్పు చేసింది ఒకడు, ఒక మనిషి తక్కువతో చెమటోడ్చేది మిగిలినవారంతా. "నా కోపం నా ఇష్టం, నా జీవితం నా ఇష్టం" అనేవారు ఈ మాట బాగా వినాలి. ఇంట్లో తండ్రి త్రాగి పడిపోతే ఆ రోజు ఆ కుటుంబం ఒక మనిషి తక్కువతో నడుస్తుంది. సంఘపెద్ద మాట తప్పితే ఆ సంఘం ఒక మనిషి తక్కువతో నడుస్తుంది. ఒక అవయవము బాధపడితే తక్కినవన్నీ దానితో బాధపడతాయని పౌలు చెప్పింది ఇదే.

మూడవది కెప్టెన్ సంగతి. ఇది కొంచెం వివరంగా చెబుతాను.

కప్పు ముందు ఎవరి చేతికి?

ఉత్తర అమెరికాలో జీతం తీసుకుని ఆడే ఐస్ హాకీ జట్ల మధ్య అన్నిటికన్నా పెద్ద బహుమానం స్టాన్లీ కప్. 1893 నుండి అది ఇస్తున్నారు. గెలిచిన జట్టులోని ఆటగాళ్ళ పేర్లు దాని మీద చెక్కుతారు. గెలిచిన రోజున దానిని ముందుగా కెప్టెన్ అందుకుంటాడు. రెండు చేతులతో తల మీదికి ఎత్తుతాడు, తరువాత తోటివారికి ఒక్కొక్కరికి ఇస్తాడు. ఇది అక్కడి ఆచారం.

రే బోర్క్ అని ఒక ఆటగాడు. 1979లో బోస్టన్ జట్టులో చేరాడు. అక్కడే ఇరవై ఏళ్ళకు పైగా ఆడాడు, చాలా ఏళ్ళు ఆ జట్టుకు కెప్టెన్‌గా ఉన్నాడు. 1988లో ఒకసారి, 1990లో ఒకసారి జట్టు ఫైనల్ దాకా వెళ్ళి ఓడిపోయింది. పేరు వచ్చింది, బహుమతులు వచ్చాయి, ఆ కప్పు మాత్రం రాలేదు. 2000 సంవత్సరంలో అతడు కొలరాడో జట్టుకు మారాడు. అక్కడ అతడు కెప్టెన్ కాదు. కెప్టెన్ జో సాకిక్, వయసులో అతనికంటే చిన్నవాడు. 2001 జూన్ 9న ఆ జట్టు ఫైనల్ గెలిచింది. అప్పటికి బోర్క్ వయసు నలభై. అది అతని ఇరవై రెండవ సీజన్.

కప్పు తెచ్చి ఆచారం ప్రకారం కెప్టెన్ సాకిక్ చేతికి ఇచ్చారు. వేలమంది చూస్తున్నారు. సాకిక్ దానిని తల మీదికి ఎత్తలేదు. అందుకున్నవాడు అందుకున్నట్టే తిరిగి, పక్కనే ఉన్న బోర్క్ చేతుల్లో పెట్టాడు. ఆ రోజు ఆ జట్టులో ముందుగా కప్పు ఎత్తింది ఇరవై రెండేళ్ళు ఎదురుచూసిన ఆ పెద్దవాడు. అదే అతని చివరి ఆట.

ఇందులో ఇంకొక విశేషం ఉంది. బోర్క్ తాను కూడా పద్నాలుగేళ్ళ క్రితం ఇలాంటి పనే చేశాడు. బోస్టన్‌లో అతడు వేసుకునే చొక్కా అంకె 7. అతనికి ముందు ఆ అంకెతో గొప్పగా ఆడినవాడు ఫిల్ ఎస్పొజిటో. 1987 డిసెంబరు 3న ఎస్పొజిటోను సన్మానించే సభ జరిగింది. అందరి ముందు బోర్క్ తన 7 అంకె చొక్కా విప్పి ఆ పెద్దాయన చేతికి ఇచ్చాడు. లోపల 77 అంకె చొక్కా ఉంది. అంకె ఆయనకు విడిచిపెట్టి, ఆ రోజు నుండి 77తోనే ఆడాడు.

ప్రియులారా, ఒక చొక్కా అంకె ఏమంత పెద్ద సంగతి అని మీరు అనవచ్చు. సరే. మన సంఘాల్లో కుర్చీ ఏమంత పెద్ద సంగతి? వేదిక మీద ముందు వరుసలో వేసే ప్లాస్టిక్ కుర్చీ కోసం ఎన్ని గుండెలు నొచ్చుకున్నాయో మీకు తెలుసు. శిలాఫలకం మీద పేరు పైన ఉండాలా క్రింద ఉండాలా అని ఎన్ని ప్రార్థనా మందిరాల ప్రతిష్ఠ ఆగిపోయిందో మీకు తెలుసు.

మన మట్టిలో ఒక గురువు

ఇప్పుడు మన హైదరాబాదుకు వద్దాం. ఇది ఫుట్‌బాల్ సంగతి. సయ్యద్ అబ్దుల్ రహీం అని ఒక బడిపంతులు ఉండేవారు. ఆయనను రహీం సాహెబ్ అనేవారు. 1943 నుండి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. తరువాత హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడు. ఆ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం పొందింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా జట్టు మనదే. 2024లో ఆయన జీవితం మీద మైదాన్ అని హిందీ సినిమా కూడా వచ్చింది.

"పాస్టరుగారూ, ఆయన మన విశ్వాసములోనివాడు కాదు గదా" అని ఎవరైనా అడగవచ్చు. నిర్గమకాండము 18వ అధ్యాయము చూడండి. మోషే ఒక్కడే కూర్చుని పొద్దుట నుండి సాయంత్రం దాకా తీర్పులు తీరుస్తూ నలిగిపోతుంటే, పని పదిమందికి పంచిపెట్టమని నేర్పింది ఎవరు? మిద్యాను యాజకుడైన యిత్రో. మోషే అంతటివాడు మామ మాట విని అలాగే చేశాడు. నాయకత్వము గురించి మంచి మాట ఎవరి దగ్గరున్నా నేర్చుకోవడం దేవుని సేవకునికి తక్కువతనం కాదు.

రహీం సాహెబ్ ఒక చిత్రమైన పోటీ పెట్టేవారు. బంతిని కాళ్ళ దగ్గరే పెట్టుకుని ఒక్కడే ఎదుటివాళ్ళను తప్పించుకుంటూ పోవడం ఆ పోటీలో నిషేధం. బంతి వచ్చిందంటే వెంటనే తోటివానికి అందించాలి. బాగా ఆడేవాడికి ఇది ఎంత కష్టమో ఆలోచించండి. తనకు సత్తువ ఉంది, నేర్పు ఉంది, జనం చప్పట్లు కొడతారు. అయినా బంతి వదిలిపెట్టాలి. వదిలిపెట్టడం అలవాటైతే తల ఎత్తి చూడడం అలవాటవుతుంది. తోటివాడు ఎక్కడున్నాడో అప్పుడు కనబడుతుంది. బంతి మీదే కళ్ళు ఉన్నవాడికి తోటివాడు కనబడడు.

మన సంఘాల్లో ఈ పోటీ ఒకసారి పెట్టి చూడాలి. పాట ఎత్తేది ఆయనే, ప్రార్థన చేసేది ఆయనే, చందా లెక్క వ్రాసేది ఆయనే, క్రిస్మస్ నాటకంలో హేరోదు రాజు వేషం కూడా ఆయనే. పనిమంతుడే, కాదనను. కాని పదిహేనేళ్ళు ఆయన ఒక్కడే బంతి పట్టుకుని పరుగెత్తాడు. ఒకరోజు పక్షవాతం వచ్చి పడిపోతే, ఆదివారం పాట ఎత్తడానికి మనిషి లేడు. యవనస్థులు ఉన్నారు గాని వారి కాలికి బంతి ఎప్పుడూ తగలలేదు.

జకార్తాలో ఆ సాయంత్రం

1962లో ఇండోనేషియా దేశపు జకార్తా పట్టణంలో ఆసియా క్రీడలు జరిగాయి. రహీం సాహెబ్ శిక్షకుడు, బెంగాలుకు చెందిన చునీ గోస్వామి కెప్టెన్. జట్టులో బెంగాలీలు, పంజాబీలు, బొంబాయివారు, మన హైదరాబాదు సికిందరాబాదు పిల్లలు ఉన్నారు. హిందువులు, ముస్లిములు, సిక్కులు, క్రైస్తవులు ఉన్నారు. సికిందరాబాదు బిడ్డ బలరాం, హైదరాబాదువాడైన యూసుఫ్ ఖాన్, గోల్ కాచే పీటర్ తంగరాజ్ అందులోనివారే.

మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో రెండు గోల్స్ తేడాతో ఓడిపోయారు. తరువాత థాయ్‌లాండ్‌తో ఆటలో జర్నైల్ సింగ్‌కు తల పగిలి కుట్లు పడ్డాయి. అతడు గోల్ ముందు కోటగోడలా నిలిచే రక్షకుడు. ఆ స్థానంలో ఆసియాలోనే పేరున్నవాడు. గాయంతో ఉన్నవాణ్ణి ఏం చేయాలి? రహీం సాహెబ్ అతణ్ణి వెనుక వరుసలో నుండి తీసి ముందు వరుస మధ్యలో, గోల్స్ కొట్టేచోట పెట్టారు. అతడు "నా చోటు అది కాదు" అనలేదు. తలకు కట్టుతో సెమీఫైనల్‌లో దిగాడు, గోల్ కొట్టాడు. మన జట్టు దక్షిణ వియత్నాంను 3-2తో గెలిచింది.

సెప్టెంబరు 4న ఫైనల్. ఎదురుగా మళ్ళీ దక్షిణ కొరియా. ఇజ్రాయేలు, తైవాన్ దేశాలను ఆ క్రీడలకు రానివ్వలేదని మన దేశపు అధికారి ఒకరు అభ్యంతరం చెప్పినందుకు అక్కడి జనం మనవారి మీద మండిపడుతున్నారు. మైదానం నిండా కేకలు, ఎగతాళి. ఆ గోల మధ్యలో మొదటి అరగంట గడవక ముందే పీకే బెనర్జీ ఒక గోల్ కొట్టాడు, జర్నైల్ సింగ్ ఇంకొకటి కొట్టాడు. కొరియా చివరలో ఒకటి తిరిగి ఇచ్చింది. 2-1తో స్వర్ణం మనదైంది.

ఆ రోజు ఇంకొక మనిషిని మరువకూడదు. అంతకు ముందు ఆటల్లో గోల్ కాచినవాడు ప్రద్యుత్ బర్మన్. ఫైనల్‌కు రహీం సాహెబ్ తంగరాజ్‌ను ఎంచుకున్నారు. జట్టును ఫైనల్ దాకా తెచ్చినవారిలో ఒకడు ఆ సాయంత్రం బయట కూర్చున్నాడు. గోల్ కొట్టినవారి పేర్లు అందరికీ తెలుసు. బయట కూర్చున్నవాని పేరు ఎంతమందికి తెలుసు? అయినా ఆ స్వర్ణంలో అతని పాలు లేదని ఎవరనగలరు?

శిక్షకుని సంగతి వినండి. ఆ రోజులకే రహీం సాహెబ్ శరీరంలో క్యాన్సర్ ఉంది. జట్టు గెలిచిన తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు. ఆసియా క్రీడల్లో భారత పురుషుల ఫుట్‌బాల్ జట్టుకు ఆ తరువాత మళ్ళీ స్వర్ణం రాలేదు. ఫైనల్లో ఆయన ఒక్క బంతి కూడా తన్నలేదు. ఎవరు ఎక్కడ నిలబడితే జట్టు నిలబడుతుందో చూడడమే ఆయన పని. తన బలమంతా అందులోనే పోశారు.

కొండ మీద, మైదానంలో

ఈ సంగతి వింటుంటే నిర్గమకాండము 17వ అధ్యాయము గుర్తుకు రావడం లేదా? రెఫీదీములో అమాలేకీయులతో యుద్ధం. యెహోషువ క్రింద మైదానంలో కత్తి పట్టుకున్నాడు. మోషే కొండ మీద చేతులెత్తి నిలిచాడు. చేతులు బరువెక్కితే అహరోను ఒక ప్రక్క, హూరు ఒక ప్రక్క నిలిచి పొద్దు క్రుంకే దాకా పట్టుకున్నారు. గెలిపించినవాడు దేవుడు. అయితే ఆ నలుగురిలో ఎవరి చోటు ఖాళీగా ఉన్నా ఆ రోజు ఎలా ఉండేదో ఆలోచన చేయండి. హూరు పేరుతో మనం పిల్లలకు నామకరణం చేయము. ఆయన చేసిన ప్రసంగం ఒక్కటీ మన దగ్గర లేదు. చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు, అంతే. ఆ రోజుకు దేవుడు అతనికిచ్చిన స్థానము అది.

బర్నబాను చూడండి. సౌలును చూసి అందరూ భయపడుతున్న రోజుల్లో అతణ్ణి చేరదీసినవాడు బర్నబా. తార్సు దాకా వెళ్ళి వెదకి అంతియొకయకు తెచ్చినవాడు బర్నబా. అపొస్తలుల కార్యములు చదువుతూ పోతే మొదట బర్నబాయు సౌలును అని వస్తుంది. 13వ అధ్యాయములోనే ఆ వరుస మారుతుంది, పౌలు పేరు ముందుకు వస్తుంది. తరువాత మార్కు విషయంలో వారిద్దరికీ భేదము వచ్చింది గాని, పేరు వెనుకకు పోయిందని బర్నబా తగువు పెట్టుకున్నట్టు లేఖనములో ఎక్కడా లేదు. సాకిక్ కప్పు అందించింది ఇరవై రెండేళ్ళు ఎదురుచూసిన పెద్దవానికి. బర్నబా ముందు చోటు విడిచింది తన వెనుక వచ్చినవానికి. రెండూ ఒకే గుణం.

జెబెదయి కుమారులకు ఆ గుణం ఇంకా రాలేదు. కుడివైపున ఒకరు, ఎడమవైపున ఒకరు కూర్చునేలా చేయమని ప్రభువును అడిగారు. మిగిలిన పదిమందికి కోపం వచ్చింది. వారికి కోపం ఎందుకు వచ్చింది? వారు కూడా ఆ కుర్చీల మీదే కన్ను వేశారు గనుక. ప్రభువు అప్పుడు నేర్పిన పాఠం మీకు తెలిసిందే. అన్యజనుల అధికారులు ప్రజల మీద పెత్తనం చేస్తారు, మీలో ఆలాగు ఉండకూడదు, ముఖ్యుడు కావాలనుకొనేవాడు దాసుడు కావాలి అన్నాడు. చెప్పి ఊరుకోలేదు. తన ప్రాణమునే ఇచ్చాడు.

మన వాడల్లో, మన పనుల్లో

పాలమూరు బిడ్డలకు జట్టు అంటే ఏమిటో ఎవరూ నేర్పనక్కరలేదు. గుంపులు గుంపులుగా వలస వెళ్ళి దేశమంతటా ఆనకట్టలు, కాలువలు కట్టినవారు మీ తాతలు, తండ్రులు. నల్లగొండ జిల్లాలో నందికొండ దగ్గర 1955లో పునాదిరాయి వేసిన నాగార్జునసాగర్ రాయి మీద రాయి పేర్చి కట్టిన ఆనకట్ట. 1967లో కాలువలకు నీరు వదిలారు. పునాదిరాయి వేసిన ప్రధానమంత్రి నెహ్రూగారి పేరు మనకు తెలుసు. రాళ్ళు మోసిన చేతుల పేర్లు మనకు తెలియవు. నీరు మాత్రం వారి చేతుల మీదుగానే పారింది.

గుంపు మేస్త్రి ఎలాంటివాడైతే ఆ గుంపు బ్రతుకు అలా ఉంటుందని కూడా మీకు తెలుసు. అడ్వాన్సు తాను మింగి కూలీలను అప్పులో ముంచే మేస్త్రి ఉన్నాడు. జ్వరం వచ్చినవాడి వంతు తట్ట తాను ఎత్తే మేస్త్రి ఉన్నాడు. ఏ మేస్త్రితో మరుసటి ఏడు మళ్ళీ వెళ్తారో ఊరంతటికీ తెలుసు. సంఘపెద్దలారా, మీ వెనుక ఉన్నవారు మిమ్మల్ని చూసి మరుసటి ఏడు కూడా రావాలనుకుంటున్నారా?

కొందరు అనవచ్చు: "అన్నీ ఇచ్చేస్తూ పోతే నాయకుడి మాట ఎవరు వింటారు?" మంచి ప్రశ్న. రహీం సాహెబ్ మెత్తనివాడై అందరినీ సంతోషపెట్టలేదు. ఫైనల్ రోజు ఒకణ్ణి దింపాడు, ఇంకొకణ్ణి బయట కూర్చోబెట్టాడు. తీర్మానం చేయడం నాయకుని బాధ్యత. అది తప్పించుకోవడం తగ్గింపు కాదు, పిరికితనం. అయితే ఆ తీర్మానం ఎవరి కోసం చేశాడు అన్నదే ప్రశ్న. జట్టు కోసం చేస్తే బయట కూర్చున్నవాడు కూడా చప్పట్లు కొడతాడు. బంధువుల కోసం, తన వాడ కోసం, తన కులం కోసం చేస్తే లోపల ఆడేవాడికి కూడా చేతులు రావు. ఇది చెప్పడానికి బాధగా ఉంది గాని చెప్పాలి. ఈ వాడవారు ఇన్ని ఓట్లు, ఆ వాడవారు అన్ని ఓట్లు అని లెక్కపెట్టి ఎన్నుకున్న కమిటీలు మన జిల్లాల్లో ఉన్నాయి. ఒకే బల్లలో పాలు పుచ్చుకుని, బయటికి వచ్చి రెండు జట్లుగా విడిపోయేవారున్నారు. భాషలు వేరు, మతాలు వేరు అయిన పదకొండుమంది ఒక బంతి కోసం ఒక జట్టయ్యారు. ఒకే ప్రభువు, ఒకే బాప్తిస్మము అని చెప్పుకునే మనము ఎందుకు కాలేము?

యవనస్థులారా, మీతో ఒక మాట. "నాకు తలాంతు ఉంది, అయినా నన్ను ప్రక్కన కూర్చోబెట్టారు, నేను ఇంకెందుకు మందిరానికి రావాలి?" అని చాలామంది అడుగుతుంటారు. మీ బాధ నిజమైనదే. అన్యాయంగా కూర్చోబెడితే మర్యాదగా పెద్దల దగ్గరకు వెళ్ళి అడగండి, అడగడం తప్పు కాదు. కాని బెంచీ మీద కూర్చున్నవాడు జట్టు విడిచిపోయినవాడు కాడు. ఐస్ హాకీలో బెంచీ మీద ఉన్నవాడు బూట్లు విప్పడు. ఆట మీద నుండి కన్ను తీయడు. వంతు ఎప్పుడొచ్చినా గట్టు దూకడానికి సిద్ధంగా ఉంటాడు. మీరు కూడా వాక్యములో, ప్రార్థనలో, పరిశుద్ధతలో బూట్లు విప్పకండి.

పెద్దలారా, మీకు ఒక మనవి. ఈ మాటలు విని ఊరుకోకుండా ఒక పని చేయండి. మీరు చేస్తున్న పనుల్లో ఒకటి, మీకు చాలా ఇష్టమైనదే ఒకటి, ఈ నెలలో ఒక చిన్నవాని చేతిలో పెట్టండి. పాట కావచ్చు, సండే స్కూల్ కావచ్చు, లెక్కల పుస్తకం కావచ్చు. ఇచ్చి వెళ్ళిపోకండి, ప్రక్కన నిలబడండి. అతడు తడబడితే నవ్వకండి. అహరోను, హూరులాగా చెయ్యి పట్టుకోండి. తల్లులారా, ఇంట్లో కూడా ఇదే. కొడుక్కు చదువు, కూతురుకు అంట్లు అని విడదీయకండి. బంతి ఇద్దరికీ అందించండి.

ప్రియమైన శ్రోతా, ఈ రోజు నీ స్థానము ఎక్కడ ఉంది? ముందు వరుసలోనా, వెనుక వరుసలోనా, బెంచీ మీదనా? ఎక్కడున్నా నిన్ను అక్కడ పెట్టిన ప్రభువు నిన్ను మరువలేదు. నీ చేతికి కప్పు వస్తే, ఎత్తే ముందు ఒకసారి ప్రక్కకు చూడు. నీ పక్కన ఎంతోకాలంగా ఎదురుచూస్తున్నవారు ఎవరైనా ఉన్నారేమో.

ప్రార్థన చేద్దాం. పరలోకపు తండ్రీ, మాలో ఎవరికి ఏ పని ఇచ్చావో అందులో నమ్మకముగా నిలిచే కృప దయచేయుము. పెద్దలకు విడిచిపెట్టే మనసును, చిన్నవారికి సిద్ధపడే మనసును ఇమ్ము. విడిపోయిన సంఘములను, మాట్లాడుకోని అన్నదమ్ములను మరల ఒక జట్టుగా చేయుము. వలస వెళ్ళిన బిడ్డలను, వారి కొరకు ఎదురుచూస్తున్న ముసలి తల్లిదండ్రులను కాపాడుము. మా కొరకు ప్రాణము పెట్టిన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.